బర్రె నోట్లో చెయ్యి

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. గుండెపోటు. పశువులకూ దానికీ సంబంధం లేదు. కానీ ఆయన్ని పోగొట్టుకుంటానేమోనని నేను మొదటిసారి భయపడింది చిల్లకూరు దగ్గర ఒక పశువుల కొట్టంలో.

ఆయన కాంట్రాక్టు మీద పశువుల డాక్టరు. గ్లౌజులు ఆసుపత్రికి ఎప్పుడొస్తాయో తెలియదు కనుక జీతంలోంచి కొనుక్కునేవారు. ఆ నెల జీతమే రాలేదు. ఆదివారం ఇద్దరం బండి మీద గూడూరు పోతుంటే ఫోనొచ్చింది. ఎత్తకపోతే పైకి ఫిర్యాదు పోతుంది, కాంట్రాక్టు పొడిగించరు. బండి తిప్పారు.

"తాటి టెంక అడ్డం పడినట్టుంది సార్," అన్నాడు రైతు. "నిన్నట్నించి మేత ముట్టలా. మా ఆడమనిషి చెయ్యి పెట్టి చూసినాది, అందలా."

ఆయన చొక్కా చెయ్యి మడిచి, బర్రె నోట్లో మోచేతిదాకా పెట్టి వెతికారు. ఏమీ లేదు. చొంగ తీగలుగా సాగుతోంది. బర్రె అరవబోయింది, గొంతు బొంగురుపోయి సగంలో ఆగింది. ఆయన చెయ్యి కూడా ఆగింది.

"ఈ మధ్య కుక్కేమైనా కరిచిందా?"

"పోయిన నెల దూడ మీదికి ఒకటొచ్చింది సార్. ఇది అడ్డం పోయింది. తరిమేసినాం."

ఆయన చెయ్యి మెల్లగా బయటికి తీసి, సబ్బు అడిగి, బోరు కింద చాలాసేపు కడిగారు. మణికట్టు మీద పంటి గీత ఉంది. నావైపు చూడలేదు. రేబిస్ పైకి తేలాక మందు లేదని నాకు తెలుసు. ముందుగా వేసే టీకాలు పర్మనెంటు వాళ్లకే అందాయనీ తెలుసు.

"పదండి," అన్నాను.

ఆయన రైతు భార్య వైపు తిరిగారు. "నువ్వు కూడా రా అక్కా. సూదులేయించుకోవాల."

"బర్రెకి జబ్బయితే నాకు సూదులా? కలుపుకి మనుషులొచ్చి ఉండారు. మీరు పోండి సార్. మీది గవర్నమెంటు చెయ్యి, చప్పున చూస్తారు."

"నాది కాంట్రాక్టు చెయ్యి అక్కా. నీ ఎనకే నిలబడాల."

రైతు నవ్వాడు. ఆమె నవ్వలేదు, కదలలేదు. ఆయన కొట్టం గడప మీద కూర్చున్నారు. "నువ్వొస్తేనే నేను పోయేది."

భుజం పట్టుకుని లాగాను. లేవలేదు. ఆమె మీద వచ్చినంత కోపం నాకు మళ్లీ ఎవరి మీదా రాలేదు, ఆ గడప మీద కూర్చున్న మనిషి మీద తప్ప.

చివరికి ఆమె కొంగు దోపుకుని మొగుడి బండెక్కింది. "ఈయనెక్కడి డాక్టరు! కూలోళ్లని వదిలేసి పోవాల్నంట."

మర్నాడు బర్రె చచ్చిపోయింది. కబురొచ్చేసరికి ఆయన డ్యూటీలో ఉన్నారు. సెలవు పెడితే జీతం కోత. మిగిలిన సూదులకు ఆమె ఎవరూ పిలవకుండానే వచ్చింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. అది నమ్మడానికి నాకు నెలలు పట్టింది. ఆ జబ్బొస్తే మనిషికి నీళ్లు దిగవని ఆయనే ఒకసారి చెప్పారు. ఆయన గ్లాసు ఎత్తిన ప్రతిసారీ, గుటక పడేదాకా చూస్తూ ఉండేదాన్ని.