నర్సునని చెప్పిన పూట

శివశంకర్ చేసిన తప్పేమిటయ్యా అంటే, నిజం చెప్పడం. అదీ నలుగురి మధ్య, ఒకరి ఇంటి శుభకార్యంలో చెప్పాడు.

లేపాక్షి పక్క పల్లెలో గొర్రెలు కాసే ఇంట పుట్టినవాడు. నర్సింగ్ చదివాడు. హిందూపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో పనికి కుదిరితే, మనుషులు చాలక కాన్పుల వార్డులో వేశారు. చేయి మంచిది, మాట మెత్తన. అక్కడే ఉండిపోయాడు. మొదట్లో అత్తలు తలుపుకు అడ్డం నిలబడేవారు. "మగోడికి ఈడేం పనప్పా? సిగ్గు లేదా?" అని మొహం మీదే అడిగేవారు. దాంతో డాక్టరమ్మ ఉమారాణి ఒక ఉపాయం కనిపెట్టింది. "తెల్లకోటు వేసుకో శివా. డాక్టరా అని ఎవరైనా అడిగితే ఊరికే తల ఊపు" అంది. అంతే, గొడవలు మాయం! అవే చేతులు, అదే గది. డాక్టరైతే మగాడైనా ఫర్వాలేదట, నర్సు మాత్రం ఆడదై తీరాలట. ఏం లోకమో, ఏం లెక్కో!

ఇంట్లోనూ అంతే. తండ్రి నల్లప్ప ఎవరడిగినా "మావోడు ఆస్పత్రిలో మందులిచ్చేకాడ ఉండాడు" అనేవాడు. ఒకచోట పెళ్లిచూపుల్లో అసలు సంగతి తెలిసి పిల్ల మేనమామ పగలబడి నవ్వాడు. ఆ రోజు బస్సులో తండ్రి ముందు సీట్లో, కొడుకు వెనక సీట్లో కూర్చుని ఇల్లు చేరారు.

అలాంటి రోజుల్లో అమృత కాన్పుకు వచ్చింది. పుట్టిల్లు పెనుకొండ, మెట్టినిల్లు ధర్మవరం. భర్త నరేష్ పట్టుచీరలు నేస్తాడు. మగబిడ్డ పుట్టాడు గానీ తల్లికి రక్తం ఆగలేదు. ఉమారాణి పై అంతస్తులో ఇంకో ఆపరేషన్‌లో ఉంది. శివశంకర్ ఆమెకు కబురు పంపాడు, ఇంజెక్షన్ వేశాడు, సెలైన్ ఎక్కించాడు. అయినా ఆగకపోతే లోపలికి పిడికిలి పెట్టి, రెండో చేత్తో పొట్ట మీద నుంచి గర్భసంచిని అదిమి పట్టాడు. "కండ్లు మూయొద్దమ్మా, నా పక్క చూడు" అని అరుస్తూనే ఉన్నాడు. చేతులు తిమ్మిరెక్కినా మేడమ్ దిగివచ్చేదాకా వదల్లేదు. అమృత బతికింది.

అత్త నరసక్క వరండాలో అతని కాళ్ల మీద పడింది. "డాక్టర్ సామీ, బిడ్డకు నీ పేరే పెడతాము. పేరు పెట్టే పొద్దు నువ్వు రాకుంటే మేము అన్నం ముట్టము" అంది.

అంతవరకు ఏ పేషెంటూ అతన్ని ఇంటికి పిలిచిన పాపాన పోలేదు. పొంగిపోయాడు పిచ్చివాడు! బిడ్డకు టోపీ, స్వెట్టరు కొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రైలెక్కాడు.

ధర్మవరంలో ఇంటినిండా చుట్టాలు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు, శాలువా కప్పారు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని అమృత పీట మీద కూర్చుంది. నరేష్ పళ్లెంలో బియ్యం పరిచి, పేరు రాయడానికి ఉంగరం చేతికి తీసుకున్నాడు. అప్పుడు అతని పెదనాయన నాగన్న మర్యాదకే అడిగాడు. "డాక్టర్ సారూ, తమరు డాక్టర్ చదువు యాడ చదివినారు?"

ఎప్పటిలా తల ఊపి, ఏదో ఒక ఊరు పేరు చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ అక్కడ ఒక బిడ్డకు తన పేరు పెడుతున్నారు. తనెవరో తెలిసి పెడితే బాగుండునని ఆశ పుట్టింది. ఆ మాత్రం ఆశ ఎవరికి ఉండదు చెప్పండి?

"నేను డాక్టర్ని గాదన్నా. నర్సుని. కాన్పుల వార్డులో పనిచేస్తా" అన్నాడు.

"నర్సా? అయితే ఆ పొద్దు లోపల చెయ్యి పెట్టింది నువ్వా?" అన్నాడు నాగన్న. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో కుర్రకారు కిసుక్కున నవ్వారు. నరేష్ ఉంగరాన్ని బియ్యంలో పడేసి లేచి వెళ్లిపోయాడు. అమృత తల ఎత్తలేదు. శివశంకర్‌ను ఉండమన్నవాళ్లూ లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. శాలువా కుర్చీ మీద పెట్టి, అన్నం తినకుండానే బయటపడ్డాడు.

కొన్నాళ్లకు అమృత తల్లి అంకమ్మ మందుల కోసం ఆస్పత్రికి వచ్చి, కూతుర్ని బిడ్డతో సహా పెనుకొండకు పంపేశారని ఏడ్చింది. శివశంకర్ ఆ మధ్యాహ్నమే ధర్మవరం పరిగెత్తాడు. నరేష్ మగ్గం దిగలేదు.

"డాక్టరైతే పెద్ద చదువు చదివినోడు అనుకుంటిమి. నువ్వెవురు? వీధిలో అందరూ నవ్వుతాండారు."

"నేను అబద్ధం చెప్పినానని చెప్పన్నా. డాక్టర్నేనని నేనే వచ్చి అందరి ముందరా చెప్తా. కాళ్లు పట్టుకుంటా, అమృతమ్మను పిలుచుకోని రా."

తన చేతులను ఎందుకు తిట్టుకోవాలో తెలియక, వాటినే జోడించి నిలబడ్డాడు. నరేష్ పట్టుపోగు నడిపే నాడెను అటునుంచి ఇటు తోస్తూనే ఉన్నాడు. నరసక్క లోపలినుంచి తొంగి చూసి తలుపు దగ్గరికి వేసుకుంది.

అక్కడినుంచి పెనుకొండ వెళ్లాడు. అమృత వాకిట్లో బిడ్డకు తలంటుతోంది. సగమైంది మనిషి. అతన్ని చూసి లేవబోయింది, వద్దన్నాడు.

"పేరు ఏం పెట్టినారమ్మా?"

"యాడిదన్నా! బియ్యంలో రాయాల్సింది వాళ్ల నాయన గదా. ఆయప్ప రావల్ల."

"నాదే తప్పమ్మా" అన్నాడు.

ఆమె బిడ్డ ఒళ్లు తుడిచి భుజాన వేసుకుంది. కోపం లేదు ఆమెకు. కోపం ఉన్నా బాగుండేది.

"తప్పేముందిలేన్నా, ఉన్నదే చెప్పినావు. ఆ పొద్దు కండ్లు మూతలు పడతాంటే మూయొద్దని అరిచినావు చూడు... అప్పుడే ఊరకుండింటే సరిపోయుండేది" అంది.