బరువులు ఎత్తకూడదన్నారు

జిమ్ముకి వెళ్ళే ఆడవాళ్ళని చూసి మా అమలాపురంలో ఎవరూ మొహం మీద నవ్వరు, అది మర్యాద కాదు. "ఆరోగ్యానికి మంచిదండీ" అంటారు, మనం సందు మలుపు తిరిగాక నవ్వుకుంటారు. నలభై దాటాక నేనూ చేరాను. పొద్దున్నే వంటింట్లోకి అడుగు పెట్టకముందు ఒక గంట. సన్నబడడం అనేది ఇంట్లో చెప్పుకోడానికి పెట్టుకున్న వంక. నాకు కావలసింది ఆ గంట. ఆ గంటలో కాఫీ అయిందా అని, తన కళ్ళజోడు ఎక్కడుందని నన్ను అడిగే మనిషి ఉండడు.

లేడీస్ బ్యాచ్‌కి కోచ్ మామిడికుదురు వైపు పిల్ల. చాలా మర్యాదస్తురాలు. నా నడుముకి మూడింది కూడా ఆ మర్యాద వల్లే. మా వైపు విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు చాలండీ అంటే వడ్డించేవాళ్ళు ఇంకో గరిటె వేస్తారు. వద్దు మొర్రో అంటే మొహమాటపడుతున్నారనుకుని రెండు వేస్తారు. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి దాదాపు బోర్లా పడుకుంటే గాని ఎవరూ నమ్మరు. ఆ పిల్లా అలాంటి బంతి భోజనాల్లోనే తిని పెరిగింది.

రాడ్డుకి ప్లేట్లు తగిలిస్తూ ఇంకోటి వెయ్యమంటారా అని అడిగింది. చాలమ్మా అన్నాను. నవ్వుతూ ఇటొకటి వేసింది. అయ్యో, నావల్ల కాదమ్మా అన్నాను. "మీకిదొక లెక్కా అండీ" అని అటొకటి వేసింది. అంత ఆప్యాయంగా వేశాక వదిలేస్తే ఏం బాగుంటుందని నేను వంగి ఎత్తాను. విస్తట్లో వేసినది పారెయ్యకూడదని చిన్నప్పుడు నేర్పిన బుద్ధి, నలభై దాటాక ఇనుము దగ్గర పనికొచ్చింది. రాడ్డు మోకాళ్ళ దాకా వచ్చింది. నడుములో కలుక్కుమంది. పట్టేసిందమ్మా అంటే, "ఆయ్, మొదట్లో అలాగే ఉంటదండీ" అంది ఆ పిల్ల, ఎంతో వినయంగా.

ఆటోలో ఇంటికి తెచ్చారు. డాక్టరుగారు చూసి ఎముకకేం కాలేదని, కండరం పట్టేసిందని, కొన్నాళ్ళు బరువులు ఎత్తొద్దని, తగ్గాక మెల్లగా మళ్ళీ జిమ్ముకి వెళ్ళొచ్చని చెప్పారు. మా ఆయన బరువుల దాకా విని, ఆ పైది వినలేదు.

ఇక పరామర్శలు. వీధి వీధంతా వచ్చింది. నడుం పట్టేసి మంచమెక్కిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఎవరివ్వాలి? నేనే లేచి ఇచ్చాను. వద్దండీ, మీరు పడుకోండి అన్నారు గాని, నేను మాత్రం నమ్ముతానా? గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి కలిపి తెచ్చాను. వాళ్ళూ తాగారు. ఒకరు ఆముదం రాయమన్నారు, ఒకరు ఇసుక మూటతో కాపడం పెట్టమన్నారు. వెళ్తూ వెళ్తూ గ్లాసు నా చేతికిచ్చి, ఆడవాళ్ళ నడుము బరువులు మొయ్యడానికి కాదండీ అని అందరూ ఒకే మాట చెప్పారు. ఆ మాట విన్నప్పుడల్లా మా అత్తగారి మొహం వెలిగేది.

వారం తిరక్కుండా మా ఆయన కొట్టు కట్టేసి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "జిమ్ము మాన్పించేసేను. ఆ అమ్మాయికి ఫోన్ చేసి చెప్పేసేను" అన్నారు. నా మంచికేనట. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకంటూ ఉన్న ఒక్క గంటనీ నన్నొక మాట అడక్కుండా ఫోన్లో తీసి పారేశారు. అరిచి పోట్లాడదామంటే నడుము సహకరించలేదు.

"అయితే నేనింక బరువులు ఎత్తకూడదంటారు" అన్నాను.

"అస్సలు ఎత్తకూడదు" అన్నారాయన. అవునమ్మా, ఒంటికంటే ఏదీ ఎక్కువ కాదని అత్తగారు కూడా వంత పాడారు.

సరే అన్నాను. మర్నాటి నుంచి ఆ మాట మీదే నిలబడ్డాను, అంటే పడుకున్నాను. మంచినీళ్ళ టిన్ను వీధరుగు మీద ఎండలో ఉండిపోయింది. బరువండీ అన్నాను. ఇడ్లీకి పప్పు నానింది గాని, గ్రైండర్లోంచి రాయి ఎత్తి కడిగేవాళ్ళు లేరు. అత్తగారు ఓసారి వంగి చూసి, ఈ పూటకి ఉప్మా చాలులే అన్నారు. తడిబట్టల బకెట్టు మేడ మెట్ల దగ్గరే ఆగిపోయింది. డాక్టరుగారు చెప్పేరు కదండీ అని నేను మంచం మీంచి తియ్యగా గుర్తుచేస్తూ వచ్చాను. మాట వినే కోడల్ని ఏమనడానికీ వాళ్ళకి నోరు రాలేదు.

తర్వాత గ్యాస్ అయిపోయింది. కొత్త బండ గేటు లోపల దింపేసి పోయారు. మా ఆయనది ఎరువుల కొట్టు, రోజూ బస్తాల మధ్యే కూర్చుంటారు. ఎత్తడానికి మాత్రం కూలీలున్నారు. ఆ పూట ఆయనే పంచె ఎగ్గట్టి బండని దొర్లించి, మెట్ల మీద ఆగి ఆగి, హాలు మధ్య దాకా తెచ్చి, రొప్పుతూ నా వైపు చూశారు.

"ఇన్నాళ్ళూ దీన్నెవరు లోపలికి తెచ్చేవారు?" అని అడిగారు.

వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగారు. అదే నాకు నడుము నొప్పి కంటే ఎక్కువ నొప్పెట్టింది.

"నేనేనండీ" అన్నాను.

ఆ సాయంత్రం అత్తగారు ఆముదం వేడి చేసుకొచ్చి, నా నడుముకి స్వయంగా రాస్తూ, "మళ్ళీ ఎప్పట్నుంచి వెళ్తావమ్మా జిమ్ముకి?" అని మెల్లగా అడిగారు. కాపురానికొచ్చినప్పటి నుంచి నా ఒంటి మీద ఆ ఇంట్లో అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడు మళ్ళీ వెళ్తున్నాను. నా గంట నాకు దక్కింది. కానీ దాన్ని నాకిచ్చింది నా కోసం కాదు, గ్యాస్ బండ కోసం.