మస్తాన్ గారికి కొలెస్ట్రాల్ పెరిగిన రోజు

అది 2004. తిరువూరు బస్టాండు దగ్గర నా క్లినిక్. పెళ్లిళ్లకు బిర్యానీ వండే మస్తాన్ గారు నీరసమని వచ్చి, రక్తపరీక్ష రిపోర్టు చేతికందగానే ఆ నీరసం సంగతే మరిచిపోయారు. కొలెస్ట్రాల్ నూట ఐదు. రెండు వందలు దాటకపోతే చాలనుకునే అంకె అది.

"చూశారా మేడం! చిన్నప్పట్నుంచీ నేతిలోనే బతుకుతున్నా. మన బిర్యానీ తింటే కొవ్వు పెరగదని పెనుగొలను ఊళ్లో పెళ్లివారికి ధైర్యంగా చెప్పేస్తా."

పక్కనున్న ఆయన భార్య షాహిదా నవ్వలేదు. "కొవ్వు సంగతి తర్వాత. గరిటె నాలుగుసార్లు తిప్పి కూలబడిపోతున్నారండి," అంది.

నాకు ఆవిడ మాటే పట్టుకుంది. బొజ్జ ఉన్న యాభై ఏళ్ల మనిషికి ఆ అంకె మరీ ముద్దొస్తోంది. అంత ముద్దొచ్చే అంకెలంటే నాకు అనుమానం. పైగా ఎస్‌జీపీటీ, అంటే లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, బాగా ఎక్కువగా ఉంది. స్కానింగులో లివర్ నిండా కొవ్వు. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని అడిగితే, కుర్రతనంలో లారీ ప్రమాదమప్పుడు ఎక్కించారన్నారు. విజయవాడ ల్యాబులో పరీక్ష చేయిస్తే, అలా ఎక్కించిన రక్తం ద్వారా సోకే లివర్ వైరస్, హెపటైటిస్ సి, ఉందని తేలింది.

ఈ వైరస్ గడుసుది. రక్తంలో కొవ్వును మోసే లైపోప్రోటీన్లను అంటిపెట్టుకుని, లివర్ కణం కొవ్వు కోసం తీసే తలుపుల దగ్గరికి చేరి లోపల పడుతుంది. అక్కడి కొవ్వు బొట్లను ఆనుకునే తన సంతతిని తయారుచేసుకుంటుంది. లివర్ కొవ్వును బయటికి పంపడం మందగిస్తుంది. దాంతో లోపల కొవ్వు పేరుకుంటుంది, రక్తంలో కొలెస్ట్రాల్ తగ్గి కనిపిస్తుంది. ఇదంతా ఆయనకు ఓపిగ్గా చెప్పాను.

"అంటే పిలవకపోయినా వంటసామాను వ్యానెక్కి పెళ్లింట్లో దిగిపోయే రకమన్నమాట," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "బతుకుతానా మేడం?" అని అడిగారు.

వదిలేస్తే లివర్ గట్టిపడి సిరోసిస్ అవుతుందని, ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లతో, రిబావిరిన్ మాత్రలతో చాలామందికి వైరస్ పోతుందని చెప్పాను. అందరికీ పోదన్న మాట కూడా దాచలేదు.

ఆరు నెలలు జ్వరాలు, ఒళ్లునొప్పులు. నోటికి రుచి తెలియకుండా పోయింది. షాహిదా ఉప్పు చూసి చెబితే, ఆయన కుర్చీలో కూర్చుని వంటవాళ్ల మీద కేకలేసేవారు. మందులు ఆపిన ఆరు నెలలకు చేసే పరీక్షే అసలు తీర్పు. ఆ కవరు వాళ్ల ముందే విప్పాను.

వైరస్ లేదు! సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. షాహిదా కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆయన మాత్రం రెండో కాగితం చూసి నీరుగారిపోయారు.

"ఇదేంటి మేడం, కొలెస్ట్రాల్ నూట ఎనభై అయింది!"

"మీ లివర్ మళ్లీ తన పని తను చేసుకుంటోందండీ. సంబరపడండి."

ఆయన గబగబా బయటికెళ్లి మైసూర్‌పాకు పొట్లంతో తిరిగొచ్చి, వెయిటింగ్ హాల్లో అందరికీ పంచారు. ఏంటి విశేషమని ఎవరో అడిగారు. "నాకు కొలెస్ట్రాల్ పెరిగిందండి!" అన్నారు గర్వంగా. పాపం, వాళ్లంతా నావైపు అదోలా చూశారు.

ఎక్కువైతే భయపడటం, తక్కువైతే మురిసిపోవడం మనకు అలవాటు. ఒక అంకె మంచిదో చెడ్డదో అది ఎవరి ఒంట్లో ఉందో చూశాకే చెప్పాలని ఆ కేసుతో నాకు గట్టిగా తలకెక్కింది. పేషెంటుకు కొలెస్ట్రాల్ పెరిగిందని మిఠాయి తిన్న డాక్టర్ని నేనొక్కదాన్నేనేమో! అదీ ఇంకో ముక్క అడిగి మరీ తిన్నాను.