పురుగులడిగే మామయ్య

లోకంలో అందరూ పురుగులు పోతే చాలనుకుంటారు. మామయ్య మాత్రం ఇంటింటికీ తిరిగి పురుగులు అడిగేవాడు. కాఫీపొడి అడిగినంత మామూలుగా గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, మీ చెట్ల మీద పురుగులేమైనా మిగిలాయా?" అనేవాడు. ఆయన వీధిలోకొస్తే చీమలు కూడా పక్క సందులోకి తిరిగేవని చెప్పుకునేవారు. చీమలెవరూ కాదనలేదు కాబట్టి నిజమే అయుండాలి.

ఇదంతా ఆయన పెంచే తెల్ల బూజు కోసం. సగం ఉడికిన అన్నంలో సీసాల నిండా పెంచేవాడు. నీళ్లలో కలిపి, వడగట్టి, ఎండ తగ్గాక కోకో కాయల మీద కొడితే, రసం పీల్చే పురుగుల ఒంట్లోకి ఆ బూజు దిగేది. వారం తిరిగేసరికి ప్రాణం తీసి, పైన తెల్లకోటు తొడిగేది.

వంటింటి అలమర అంతా సీసాలే. పప్పుల డబ్బాలు మంచం కిందికి చేరాయి.

"అలమర కదపకు, వాళ్లు పడుకున్నారు," అనేవాడు మామయ్య.

"లేచాక చెప్పండి, ఆవాలు తీసుకోవాలి," అనేది అత్తయ్య.

ఆ ఏడు ఆయన పక్కతోట పంతులమ్మను పట్టుకున్నాడు. రిటైరైనా గొంతు రిటైరవలేదు. ఎవరి దగ్గరా గుండుసూది కూడా పుచ్చుకోని మనిషి. ఆమె కోకో కాయలు నల్లమచ్చలు పడి పిందెలప్పుడే ఎండిపోతున్నాయి. ఈ పంట కూడా పోతే తోట కౌలుకిచ్చి తమ్ముడింట్లో ఓ మూలగదిలో సర్దుకోవాలి. అయినా సాయం చేస్తామని వచ్చినవాళ్ల ముఖం మీదే గేటు వేసింది.

మామయ్య కంచె దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరుగారూ, మీ పురుగులు నాకు కావాలండి."

"మీ తోటలో లేవా?"

"ఒక్కటీ లేదు. మా బూజు పస్తులుంటోంది."

పంతులమ్మ ఆలోచించింది. పుచ్చుకోవడం రాదుగానీ, ఇవ్వడంలో ఆమెది పెద్ద చెయ్యి. "సరే, పట్టుకెళ్లండి. కొమ్మ విరిచారంటే గోడకుర్చీ వేయిస్తా."

ఇక సాయంత్రాలన్నీ మామయ్య పంపు భుజానేసుకుని అక్కడే. సీసాలు ఖాళీ అవుతుంటే అత్తయ్యకి పట్టరాని సంతోషం.

ఓ రోజు ఆమె తమ తోట చివరిదాకా వెళ్లింది. అక్కడ పురుగుల సంత జరుగుతోంది. సరాసరి వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"మన చెట్ల మీద పురుగుల్లేవన్నారట?"

"ఒకటీ అరా ఉంటాయేమో."

"నాకే దారివ్వలేదు అవి."

మామయ్య పంపు గొట్టం తుడవడం మొదలుపెట్టాడు. "ఉన్న బూజు ఒక తోటకే సరిపోయిందే. ఇస్తానంటే ఆవిడ గేటేస్తుంది. అడిగితే కాదనలేదు."

అత్తయ్యకి ఆయన ఇన్నాళ్లూ తొక్కిన గుమ్మాలు గుర్తొచ్చాయి. కాలు విరిగిన దర్జీ, పిల్లల్తో ఒంటరిగా నెట్టుకొచ్చే నర్సు, చూపు ఆనని పోస్టుమాన్ తల్లి. అన్నీ నోరు తెరిచి అడగలేనివాళ్ల గుమ్మాలే.

మర్నాడు తనే కంచె దగ్గరకి వెళ్లింది. అవతల పురుగులు తెల్లకోట్లేసుకుని రాలుతున్నాయి, కొత్త పిందెల మీద మచ్చ లేదు.

"టీచరుగారూ, మా ఆయన అన్నం ముద్ద చేసేస్తున్నారు. బూజు సరిగా పట్టడం లేదు. మా చెట్లు పోయేలా ఉన్నాయి. మీరే నేర్పాలి."

ఆ సాయంత్రమే పంతులమ్మ వాళ్ల వంటింట్లో కుర్చీ వేసుకుంది.

"మెతుకు మెతుక్కీ అంటుకోకూడదయ్యా. ఇంతకాలం ఎలా నెట్టుకొచ్చారో. తమ్ముడికి రానని కబురుపెట్టా. మిమ్మల్నిలా వదిలేసి ఎక్కడికెళ్తాను?"

"నేర్చుకుంటానండి," అన్నాడు మామయ్య తలొంచుకుని. పెళ్లయిన నాటినుంచీ ఆ ఇంట్లో పొడిపొడిగా అన్నం వండేది ఆయనే.