గుమ్మడి పాదు దగ్గర ఆలస్యం

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్‌లో, యానాంలోని ఒక హైస్కూలుకు సైన్సు టీచరుగా బదిలీ అయ్యాను. సర్వీసులో అందరికంటే పెద్దవాణ్ణని బడితోట బాధ్యత నాకు అప్పగించారు. నేను పెట్టిన పద్ధతి తేలికైనది. ప్రేయరు ముగిశాక వచ్చిన పిల్లలు ఫస్ట్ పీరియడంతా తోటలో కలుపు తీసి నీళ్లు పోయాలి. టైముకు వచ్చినవాళ్లు లోపల పాఠం వింటారు. తోటా నడిచేది, క్రమశిక్షణా నిలిచేది.

నవంబరులో ఏడో తరగతి సత్యవేణి వరసగా ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఇంకొక్కసారి లేటైతే సైన్సు ప్రదర్శనకు తీసుకెళ్లనని తరగతి ముందు చెప్పాను. మర్నాడూ లేటే. ఆమె పేరు తీసేసి, వాళ్లమ్మకు కబురు పెట్టాను.

కనకాలపేట నుంచి వచ్చిన ఆ తల్లి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. "ఏడున్నరకే బయల్దేరుద్దండి మాస్టారూ! దారిలో ఏం చేత్తాదో మీరే కనుక్కోండి," అంది.

మరుసటి ఉదయం గేటు దగ్గర కాపు కాశాను. సత్యవేణి ఎదురుగా ఉన్న టీకొట్టు వెనక నిలబడి, ప్రేయరు అయ్యేదాకా ఆగి, అప్పుడు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చింది. తోటలోకి వెనకే వెళ్లాను. ఆమె తిన్నగా గుమ్మడి పాదు దగ్గర కూర్చుంది.

"ఎందుకే ఈ నాటకం?" అన్నాను.

"లేటైతేనే కదండీ ఇక్కడికి పంపుతారు. టైముకొత్తే లోపల కూర్చోబెట్టేత్తారు. ఇంటర్వెల్లుకి పువ్వు ముడుచుకుపోద్దండి."

ఒక పిందె కొసన ఉన్న పువ్వుకు దోమతెర ముక్క కట్టి ఉంది. అదేమిటని అడిగాను.

"తేనెటీగ దూరకపోతే కాయవుద్దో లేదో చూద్దామనండి. ముందు రెండు మొగ్గలకి గుడ్డ కట్టానండి, ఆ రెండు పిందెలూ రాలిపోయాయి. ఉక్కకి రాలాయేమోనని ఈసారి గాలాడేది కట్టానండి."

పరాగసంపర్కం పాఠం ఆ నెలలోనే బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. ఇలా పరీక్షించి చూడవచ్చని చెప్పలేదు. ఆ పిందె ఏమవుతుందో నాకూ చూడాలనిపించింది. రోజూ ప్రేయరు కాగానే వెళ్లి చూసేవాణ్ణి. నాలుగైదు రోజులకు అది పసుపుబారి రాలింది. పక్కన ఏమీ కట్టని పిందెలు రెండు నిలిచాయి.

"ఇప్పుడు నమ్మొచ్చాండీ?" అంది.

"ఇంకో రెండిటికి కట్టి చూద్దాం," అన్నాను.

"ఆయ్," అని నవ్వింది.

ప్రదర్శనకు ఇంకా వారం ఉంది. ఆమె పేరు తిరిగి చేర్చగలిగేవాణ్ణే. తరగతి ముందు అన్న మాట పోతుందని చేర్చలేదు. ఆమె కూడా అడగలేదు. మా బడి నుంచి అట్టతో చేసిన అగ్నిపర్వతం వెళ్లి బహుమతి తెచ్చుకుంది. దాన్ని ముప్పాతిక వంతు చేసింది నేనే.

జనవరి నుంచి హెడ్మాస్టరును ఒప్పించి, ఏడో తరగతికి ఫస్ట్ పీరియడు తోటలోనే పెట్టించాను. ఆలస్యమైతే లోపల కూర్చోవాలి. సత్యవేణి మళ్లీ ఆలస్యంగా రాలేదు.

పిల్లలు ఆలస్యంగా వస్తే, శిక్ష వేసే ముందు కారణం అడగాలని ఆ ఏడు నేర్చుకున్నాను. తరగతి ముందు అన్న మాట తప్పయితే తరగతి ముందే వెనక్కి తీసుకోవాలని కూడా నేర్చుకున్నాను. ఈ రెండోది తెలిసేసరికి ప్రదర్శన అయిపోయింది.