ఒకే అడ్రసు, రెండు తేదీలు

కిటికీ అవతల నిలబడ్డ మనిషి మొహం చూసి ఏ కాగితం ఇవ్వాలో పసిగట్టడం నాకు ఇరవై ఏళ్లకే అబ్బిన విద్య. ఎనభైల చివర్లో దేవరకొండలో ఒక సర్కారు ఆఫీసులో దరఖాస్తు ఫారాలు పంచే కిటికీ దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ఒకే ఫారం మూడు రకాలుగా ఉండేది: ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ. ఏది చదవొస్తుందని నేరుగా అడిగితే మనుషులకు కోపం వచ్చేది. ఒక్క ఇంగ్లీషు అక్షరం రానివాళ్లు కూడా పక్కన నలుగురుంటే చాలు, ఇంగ్లీషుదే కావాలనేవాళ్లు. తీసుకుపోయి బయట రాతగాణ్ని బతిమాలుకునేవాళ్లు. అందుకని నేను అడగడం మానేసి, చూసి ఇచ్చేదాన్ని. కుదిరిన రోజు కుదిరేది, కుదరని రోజు తిట్లు తినేదాన్ని.

అప్పటి నుంచే నాకు ఈ భయం పట్టుకుంది. తప్పు కాగితం ఎవరి చేతిలో పెట్టానో అని ఇంటికొచ్చాక కూడా ఒక్కొక్కరి మొహమే గుర్తు చేసుకునేదాన్ని. అన్నం ముందు కూర్చుని ఆలోచిస్తుంటే మా అమ్మ కసిరేది, ఊరి ఫికరంతా నీ ఒక్కదాని నెత్తి మీదనే ఉందా అని. ఉందమ్మా అనాలనిపించేది గానీ అనేదాన్ని కాదు.

తొంభైల చివర్లో, కంప్యూటర్ నేర్చుకుని, నల్లగొండలో ఇంకో ఆఫీసుకు కాంట్రాక్టు మీద ఆపరేటరుగా వచ్చాను. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాల్సిన గది ఒకటి ఉండేది. అందులో మా సర్వరు. ఆఫీసు ప్రకటనలన్నీ అందులో పెట్టేవాళ్లం. నాలుగైదు మండల కేంద్రాల్లో కంప్యూటర్లు పెట్టి ఫోను లైన్ల మీద దానికి కలిపారు. దేవరకొండలో ఆ కంప్యూటర్ ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. దాన్ని నడిపే సాహెబు దగ్గరే నేను ఒకప్పుడు టైపు నేర్చుకున్నాను. అరవై దగ్గరపడ్డ మనిషి. ఎవరైనా వస్తే ప్రకటన తెరిచి చూపించేవాడు, అడిగితే ప్రింటు తీసి ఇచ్చేవాడు.

ఆ సర్వరు చేసే పని ఒకటి నన్ను మొదటిసారి చూసినప్పుడే కట్టిపడేసింది. చూసేవాళ్ల కంప్యూటర్లో బ్రౌజరు అనే ప్రోగ్రాం ఉంటుంది కదా, అది ఫలానా పేజీ పంపమని అడిగేటప్పుడే, మన కంటికి కనబడకుండా, ఇంకో వరుస కూడా రాసి పంపుతుంది. నాకు ముందు తెలుగు కావాలి, లేకపోతే ఇంగ్లీషు అయినా సరే, అని. ఒక్కో భాషకు ఒక మార్కు. తెలుగుకు ఒకటి, ఇంగ్లీషుకు అర, అట్లా. సర్వరు తన దగ్గర ఆ పేజీకి ఎన్ని ప్రతులున్నాయో చూసుకుని, ఎక్కువ మార్కు పడిన ప్రతిని తీసి పంపుతుంది. అడ్రసు మాత్రం అందరికీ ఒకటే. ఆ అడ్రసు నల్లగొండలో మా ఆఫీసరు కొడితే ఇంగ్లీషు వస్తుంది, దేవరకొండలో సాహెబు కొడితే తెలుగు వస్తుంది. ఎవరూ ఎవరి ముందూ సిగ్గుపడే పని లేదు. కిటికీ దగ్గర నేను పదేళ్లు పడ్డ అవస్థ అంతా ఇది ఒక్క క్షణంలో చేస్తోందని మురిసిపోయాను.

చిక్కేమిటంటే, కంప్యూటర్లు అమ్మినవాళ్లు అన్నిటిలోనూ ఒక్క ఇంగ్లీషే పెట్టి పోయారు. ఎవరు అడిగినా సర్వరు ఇంగ్లీషే ఇచ్చేది. నాకు ఒళ్లు మండింది. ఒక ఆదివారం బస్సెక్కి దేవరకొండ పోయి, తెలుగు అక్షరాలు ఎక్కించి, భాషల వరుసలో తెలుగును మొదట పెట్టి వచ్చాను. తెర మీద తెలుగు కనబడగానే సాహెబు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నా చేతుల్తో నేనే చేసిన పని అది. ఎవరూ చెయ్యమనలేదు.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. అక్కడ ఇంగ్లీషు కాగితమే అసలు కాగితం. తెలుగు కాగితం దాని వెనకాల, తీరిక దొరికినప్పుడు నడిచి వచ్చేది. దిద్దుబాటు ఏదైనా ముందు ఇంగ్లీషులోనే పడేది. బోర్డుకు కాగితాలు అంటించే కాలంలో దానివల్ల పెద్ద నష్టం లేకపోయింది. రెండూ పక్కపక్కనే వేలాడేవి కాబట్టి తేడా ఉంటే ఎవరో ఒకరు పట్టుకుని లోపలికొచ్చి అడిగేవాళ్లు. సర్వరులో అట్లా కాదు. ఎవరికి కావలసిన ప్రతి వాళ్లకే కనబడుతుంది, రెండోది ఉందని కూడా తెలియదు. సర్వరు భాష చూస్తుంది గానీ ఏది కొత్తది, ఏది పాతది అని చూడదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా బుర్రకెక్కలేదు.

ఆ ఏడు బడిపంతుళ్ల ఉద్యోగాలకు ఎంపికైనవాళ్ల జాబితా వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన మా ఆఫీసులోనే. ఉత్తరాలు అందడం ఆలస్యమవుతోందని, ఈసారి తేదీ మీ మండలంలో కంప్యూటర్లో చూసుకోండి అన్నారు. ఆ రోజు రానివాళ్ల జాగా వెనకవాళ్లకు పోతుంది. మా చెల్లె పేరు ఆ జాబితాలో ఉంది. మా నాయిన జీవితమంతా ఇంకొకరి చేలల్లో కూలి చేసినవాడు. మా ఇంట్లో నెల జీతం అంటే నా కాంట్రాక్టు జీతమే, అది కూడా ఏ నెలకా నెల ఉంటుందో ఊడుతుందో తెలియని జీతం. చెల్లెకు ఈ ఉద్యోగం వస్తే మా వంశంలో మొదటి పర్మనెంటు ఉద్యోగం. అమ్మ ఆదివారం చర్చిలో అందరికీ చెప్పేసింది కూడా.

మొదట వచ్చే సోమవారం అని రెండు భాషల్లోనూ పెట్టాం. వారం మధ్యలో తేదీ ముందుకు జరిపి ఆ శుక్రవారమే చేశారు. సెక్షను గుమాస్తా ఇంగ్లీషు కాగితం తెచ్చిచ్చాడు, నేనే ఎక్కించాను. తెలుగు రేపు చేద్దాం, చెల్లె అందులో చూసుకుంటుందిలే అనుకున్నాను. మర్నాడు ప్రింటరు పాడైంది, దాని వెంట పడి అంతా మర్చిపోయాను. ఆ రేపు రాలేదు.

శుక్రవారం పొద్దున పదిన్నరకు ఆఫీసుకొస్తే వరండా నిండా మనుషులు, చేతుల్లో ఫైళ్లు. ఎవరు వీళ్లంతా అని బంట్రోతును అడిగితే, పరిశీలన గదా మేడం, ఇయ్యాల్నే గదా అన్నాడు.  పరుగెత్తి పోయి తెలుగు ప్రతి తెరిచాను. సోమవారం. కింద దేవరకొండ పేర్ల వరుసలో చెల్లె పేరు. అక్కడ చెల్లె చూసుకున్నది ఇదే. నల్లగొండకు రెండు గంటల బస్సు, సాయంత్రం అయిదుకు మూసేస్తారు, చెల్లె ఉండేది దేవరకొండ అవతల గూడెంలో, అక్కడ ఫోను లేదు.

లైను కలవడానికి రెండు గంటలు పట్టింది. నంబరు తిప్పీ తిప్పీ వేలు నొప్పి పుట్టింది. లైను కలవకపోతే ఎవరిని తిట్టాలో తెలియక ఫోనునే తిట్టాను. చివరికి సాహెబు ఎత్తాడు. జుమ్మా నమాజుకు పోవడానికి షట్టరు దించబోతున్నాడట. నేను చెప్పింది సగం వినగానే అర్థం చేసుకున్నాడు.

"నేనే పోత తియ్యి, మోపెడున్నది," అన్నాడు. "ఒక్క మీ చెల్లెకేనా బేటీ, ఇంకెవరికన్న చెప్పాల్నా?"

"ఒక్కదానికే. జర జల్ది పో," అన్నాను.

ఆయన ఆ రోజు నమాజుకు పోలేకపోయాడని తర్వాత తెలిసింది. చెల్లె పత్తి ఏరడానికి పోయిందట. ఆయన చేను వెతుక్కుంటూ పోయి, ఆమెను బండి మీద ఇంటికి తెచ్చి, పెట్టెలోంచి సర్టిఫికెట్లు తీయించి, బస్టాండులో దింపాడు. ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. నాకు తెలిసిందల్లా వరండాలో గడియారం. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. నాలుగు దాటింది. నాలుగుంబావు. బాత్రూముకు పోయి ఏడ్చి మొహం కడుక్కుని వచ్చాను. దేవుడా, ఈ ఒక్కసారి గట్టెక్కించు అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అయిదుకు ఇరవై నిమిషాలు ఉందనగా చెల్లె వచ్చింది. తలలో పత్తి పీచు, కాళ్ల నిండా దుమ్ము, చంకలో ఫైలు. నన్ను చూసి ఏడవబోతే లోపలికి పొమ్మని నెట్టాను. ఆమె పని పూర్తయి, సంతకం పడ్డాక, అప్పుడు పోయి తెలుగు ప్రతిలో తేదీ దిద్దాను. ఇద్దరం బయట చాయ్ తాగాం. అది నవ్వుతుంటే నేనూ నవ్వాను. ఆ శనివారం, ఆదివారం నాకు మంచి నిద్ర పట్టిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

సోమవారం నేను వచ్చేసరికే ఆఫీసు మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉంటాయి. ఒళ్లో రెండేళ్ల పిల్ల నిద్రపోతోంది, పక్కన సంచిలో ఫైలు. పరిశీలన ఎక్కడ మేడం అని అడిగి చేతిలో కాగితం చాపింది. సాహెబు తీసిచ్చిన తెలుగు ప్రింటు.  నేను ఏదో చెప్పేలోపు బంట్రోతు ఆమెను ఆఫీసరు గదిలోకి తీసుకుపోయాడు.

ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. చెడ్డవాడేం కాదు, కాగితం మనిషి. ఆమె ప్రింటు చూసి, తన కంప్యూటర్లో అదే అడ్రసు కొట్టాడు. ఇంగ్లీషు ప్రతి వచ్చింది. శుక్రవారం. తెరను ఆమె వైపు తిప్పి చూపించాడు.

"అడ్రసు ఒకటే కదమ్మా, మరి తేదీ వేరే ఎలా వస్తుంది? ఈ కాగితం ఎక్కడ తయారు చేయించావు?"

ఆమెకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం తెల్లబోయింది. దేవరకొండలో సాహెబు మిషన్లోంచే తీసిచ్చాడని, కావాలంటే అడగమని, తన పిల్ల మీద ఒట్టని చెప్పుకుంటూ పోయింది. సంతకాలు, తేదీలు మార్చిన కేసులు తను చూశానని, ఇలాంటివాటికి పోలీసుల దాకా పోవాల్సొస్తుందని ఆఫీసరు అంటున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె చేతిలో కాగితం తప్ప పాత తేదీ ఎక్కడా లేదు, నేనే దిద్దేశాను. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. నా కాంట్రాక్టు, నాయిన మొహం, చెల్లె కొత్త ఉద్యోగం అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అంతసేపూ మాట్లాడకుండా ఉన్నాను, అది దాచి లాభం లేదు.

చివరికి, ఆ కాగితం మన సర్వరు ఇచ్చిందే సార్, తప్పు నాది అన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన కుర్చీ పక్కకు పోయి, బ్రౌజరులో భాషల వరుస తెరిచి, తెలుగును పైకి జరిపి, అదే అడ్రసు మళ్లీ కొట్టాను. తెర మీద ఇంగ్లీషు పోయి తెలుగు వచ్చింది. ఇన్ని నెలలుగా తను చూస్తున్న పేజీకి ఇంకో ప్రతి ఉందని ఆయనకు తెలియనే తెలియదు. శుక్రవారం సాయంత్రం దాకా అందులో సోమవారమే ఉందని చెప్పాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"శుక్రవారం పొద్దున సార్."

"తెలిసి ఎవరికి చెప్పావు?"

"మా చెల్లెకు," అని దాని పేరు కూడా చెప్పాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పై ఆఫీసుకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. శుక్రవారం రాత్రికే జాబితా సీలు వేసి పంపేశారని, ఆమె జాగా వెనకనున్న వాళ్లకు పోయిందని, రాసి చూస్తాను గానీ ఆశ పెట్టుకోవద్దని ఆమెకు చెప్పాడు. రాశాడు కూడా. ఏమీ రాలేదు. నన్ను తీసేయలేదు, సర్వరు పని తెలిసినవాళ్లు ఇంకొకరు లేరు మరి.

ఆమె కాగితాలు సంచిలో సర్దుకుంది. పిల్లను భుజం మీదికి మార్చుకుంది. గేటు దాకా నేను వెంట నడిచాను.  గేటు దగ్గర ఆమె ఆగింది.

"శుక్రారం పొద్దుగాల మీరు మీ చెల్లె పేరు చూసినప్పుడు," అంది, "దాని కిందనే నా పేరుండె గదా అక్కా?"

"ఉండె," అన్నాను.