చుక్కగాడు తిన్న చెట్టు

ఆ రోజుల్లో హోసూరు ఎంత చల్లగా ఉండేదో అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వేది. "మీ కాలంలో చలి యాడుండె? మేం చిన్నప్పుడు నడెండలో కూడా కంబళి కప్పుకొని మేకలు తోలినాము" అనేది. ఇప్పుడు నేను మా అమ్మాయి దగ్గర అదే పాట పాడుతున్నాను. ఎవరి చిన్నతనంలోని గాలి వాళ్లకు అసలైన గాలి కాబోలు. అయితే ఎండల గురించీ వానల గురించీ మాట్లాడటానికి నాకు మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువ హక్కు ఉంది. ఎందుకంటే నేను ఒకప్పుడు చెట్టును. (కంగారు పడకండి, నాటకంలో.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. హోసూరు పక్కనే మూకండపల్లిలో ఒక కంపెనీలో అప్రెంటిస్‌ని. డెంకణికోట దగ్గర అడవి అంచున ఉన్న మా ఊరు వదిలి వచ్చి, ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆదివారాలు తోచక ఒక నాటక బృందంలో చేరాను. దాన్ని నడిపేది ఒక స్కూలు టీచరమ్మ. మనిషి పొట్టి, గొంతు మాత్రం మా కంపెనీ సైరన్‌కు తీసిపోయేది కాదు. వానలు తప్పిపోవడం, బోర్లు ఎండిపోవడం, అడవిలో మేత లేక ఏనుగులు రాగిచేలలో పడటం, ఇవన్నీ కలిపి ఆమె ఒక నాటకం రాసింది. దాన్ని డెంకణికోట పక్క పల్లెలన్నీ తిప్పాలని ఆమె ఆశ. బండికీ మైకుకూ డబ్బు కావాలి కాబట్టి, ముందుగా హోసూరులో ఒక స్కూలు మైదానంలో విరాళాల పండగ పెట్టింది. మధ్యాహ్నం నాటకం, ఆ తర్వాత జనం ఇచ్చిన వస్తువుల వేలం.

మొదట నాకు కాంట్రాక్టరు వేషం ఇచ్చారు. రిహార్సల్లో నా మాటలు మరిచిపోవడమే కాక పక్కవాడి మాటలు కూడా నేనే చెప్పేశాను. టీచరమ్మ తల పట్టుకుని, "మాట్లాడకుండా నిలబడగలవా?" అని అడిగింది. "మెషిన్ ముందర ఎనిమిది గంటలు నిలబడతాండా కదమ్మా" అన్నాను. అలా చెట్టునయ్యాను. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క చెట్టు. నన్ను నరకాలని ఇద్దరు, వద్దని ఒక రైతు కొట్లాడుకుంటారు. చివరికి ముగ్గురూ బుద్ధి తెచ్చుకుని నాకు నీళ్లు పోస్తారు. "ఏం జరిగినా కదలకూడదు. చెట్టు కదిలితే నాటకం చచ్చినట్టే" అని టీచరమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆకులు పచ్చ కాగితంతో చేసుకోమని ఆమె చెప్పింది. నాకు రోషం వచ్చింది. అడవి అంచున పుట్టినవాడు కాగితం ఆకులు కట్టుకోవడమా? ముందురోజే ఊరికి పోయి, పెరట్లోని అవిసె చెట్టు నుంచి లేత కొమ్మలు ఒక మోపు కోసుకొచ్చాను. మోకాళ్ల నుంచి మెడ దాకా గోనెదారంతో కట్టుకుంటే టీచరమ్మ నా చుట్టూ తిరిగి, "అచ్చం చెట్టే!" అంది. పొంగిపోయాను. మా చుక్కగాడికి పుట్టినప్పటి నుంచి నా చేతులతో తినిపించింది ఈ అవిసాకే అన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

చుక్కగాడు మా మేకపోతు. ఒళ్లంతా నలుపు, నుదుట తెల్లచుక్క. తల్లి పాలివ్వకపోతే సీసాతో పెంచాను. నాటకం మొదలయ్యే ముందు మా ఊరివాళ్లు టెంపోలో గుమ్మడికాయలూ అనపకాయలూ వేసుకుని దిగారు. వాళ్ల వెనక మా అమ్మ, ఆమె చేతిలో తాడు, తాడు చివర మెడలో బంతిపూల దండతో చుక్కగాడు. మా వైపు పల్లెల్లో ఊరందరి పని ఏదైనా జరిగితే మేకలున్న ఇల్లు ఒక మేకను వేలానికి ఇవ్వడం వాడుకే. కానీ మందలో ఇరవై ఉండగా వీణ్ణా!

"అమ్మా, ఈణ్ణెందుకు తెచ్చినావు? మామ కొంటే సాయంత్రానికి కొక్కేనికి తగిలిస్తాడు!" అన్నాను. హోసూరులో మా మేనమామకు మటన్ అంగడి ఉంది.

"మన ఊరికి ఆట ఎత్తుకొని వస్తామంటాండారు. ఇచ్చేటప్పుడు నచ్చిందే ఇయ్యల్ల. వద్దనుకున్నది ఇస్తే అది ఇచ్చినట్టు యాడయితాదప్పా?" అంది అమ్మ. అంటూనే మొహం పక్కకు తిప్పుకుంది. అప్పటికే మామ వచ్చి చుక్కగాడి వెన్ను మీద బొటనవేలితో నొక్కి బరువు అంచనా వేస్తున్నాడు. ఇంతలో టీచరమ్మ సైరన్ మోగింది. వెళ్లి చెట్టుగా నిలబడ్డాను.

ముగ్గురూ నా చుట్టూ కొట్లాడుకుంటూ ఉండగా జనంలో కలకలం. తాడు తెంపుకున్న చుక్కగాడు మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చాడు. ఒక్కసారి గాలి వాసన చూసి నేరుగా నా దగ్గరికి వచ్చి, మోకాలి దగ్గర మొదలుపెట్టాడు. "పోరా చుక్కా, పో" అని పళ్ల మధ్య నుంచి బతిమాలాను. నా గొంతు వినేసరికి వాడికి ఇంకా ఉత్సాహం వచ్చింది. తెర వెనక నుంచి టీచరమ్మ, "కదలొద్దు! కదలొద్దు!" అంటోంది. ఒట్టు వేశాను కదా, కదల్లేదు. వాడు నడుము దాకా తిని, ఇంట్లో అలవాటు ప్రకారం ముందరి కాళ్లు నా ఎదమీద పెట్టి నిలబడి, మెడ దాకా కానిచ్చాడు. (చక్కిలిగింతలను ఓర్చుకోవడం కంటే పెద్ద నటన ఈ జన్మలో చెయ్యలేదు.) మైదానమంతా ఒకటే నవ్వు. మామ కుర్చీలోంచి జారి కింద కూర్చుని నవ్వుతున్నాడు.

చివరికి బనియనూ నిక్కరూ నాలుగు పుల్లలూ మిగిలాయి. చుక్కగాడు ఇంకా ఏమైనా ఉందేమోనని నా చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏమీ లేదు. జనం వైపు తిరిగి "మే" అన్నాడు. ముందు వరసలో మా ఊరి ముసలవ్వ ఒకామె, నాటకమన్నది మరిచిపోయి గట్టిగా అడిగింది: "ఉన్నదొక్కటీ అయిపాయ కదప్పా. ఇంక దానికేం పెడతారు?"

నవ్వు ఆగిపోయింది. నీళ్ల బిందెతో రావాల్సిన రైతు బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. టీచరమ్మ తెర దించేసింది.

వేలంలో గుమ్మడికాయలు అయ్యాక చుక్కగాడి వంతు వచ్చింది. మామ పాటకు ఎదురుపాట పాడేవాళ్లు లేకపోయారు. మూడోసారి పిలిచేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఒంటిమీద పుల్లలతోనే వెక్కి వెక్కి ఏడ్చాను. మామ లేచి వచ్చి తాడు తీసుకున్నాడు. తీసుకుని టీచరమ్మ చేతిలో పెట్టాడు.

"ఈణ్ణి మీ బండిలో ఎక్కించుకోండమ్మా. ఈడు లేకుంటే మీ ఆటలో ఏముండాది? ఇంతమందిని నవ్వించినోణ్ణి కోస్తే నా అంగడికి ఎవురొస్తారు?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏందిరా అది, చెట్టు యాడన్నా ఏడుస్తాదా?" అన్నాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి, నవ్వినందుకు అని చెప్పుకున్నాడు.

టీచరమ్మ బిందె సీను కొట్టేసి, చుక్కగాడి "మే" తోనే నాటకం ముగించింది. ఆ ఏడాది ఎన్ని పల్లెలు తిరిగామో! నేను రెండు చోట్ల తుమ్మాను, ఒక చోట కునికాను. వాడు మాత్రం ఏ ఊళ్లోనూ ఒక్క ఆకు మిగల్చలేదు. మా ఇద్దరిలో నటుడు ఎవరంటే నాకేం సందేహం లేదు. ఆ తిరుగుళ్లు అయ్యాక టీచరమ్మ వాణ్ణి మాకే ఇచ్చేసింది; మా పెరట్లోనే ముసలివాడై, పళ్లు ఊడి, నేను నలిపి పెట్టిన ఆకు తింటూనే కన్నుమూశాడు.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, షిఫ్ట్ ఇన్‌చార్జ్‌నయ్యాను. హోసూరులో మాఘమాసం దాటకముందే ఫ్యాను తిరుగుతోంది. మొన్న మా అమ్మాయి స్కూలు నాటకంలో చెట్టు వేషం వచ్చిందని పచ్చ కాగితాలు పట్టుకొచ్చి, "ఎట్లా నిలబడల్ల నాన్నా?" అని అడిగింది. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి కదా, హాలు మధ్యలో చేతులు చాచి నిలబడ్డాను. ఎంతసేపైనా కదలకుండా ఉండగలనని చూపించాలనుకున్నాను. మోకాలి దగ్గర తడి మూతి ఒకటి ఇప్పుడో ఇంకాసేపటికో తగులుతుందని ఒళ్లు ఎదురుచూస్తోంది.

మా అమ్మాయి కిలకిలా నవ్వింది. "ఏం నాన్నా, చెట్టు యాడన్నా వంగి కిందికి చూస్తాదా?"